మబ్బుల వచ్చే మనిషి

మా క్లినిక్‌లో ప్రతి నెలాఖరుకీ డాక్టర్లందరం ఒక కాగితం నింపి ఇవ్వాలి. అందులో వరసకి నాలుగు గళ్ళు ఉంటాయి. నాకు రానిదేమిటి, అది రావలసిన అవసరం ఎందుకు కలిగింది, ఎలా నేర్చుకుంటాను, నేర్చుకున్నానని ఎలా తెలుస్తుంది. ఈ పద్ధతి పెట్టింది మా పెద్ద డాక్టరుగారు. ఆయనది సుడాన్. ఇంగ్లండులో చాలా ఏళ్ళు పనిచేసి ఖతర్ వచ్చారు. ఇంగ్లండు డాక్టర్లలో ఇప్పుడిప్పుడే ఇది మొదలవుతోందట. పరీక్షలు పాసై గోడకి పట్టా తగిలించుకున్నాక మనకి పాఠం చెప్పేవాళ్ళెవరూ ఉండరు, కాబట్టి ఎవరి పాఠం వాళ్ళే ఏర్పరచుకోవాలి అనేవారు. మిగతా ఇద్దరు డాక్టర్లూ ఆ కాగితాన్ని ‘ముసలాయన హోంవర్కు’ అని నవ్వుకునేవాళ్ళు. నాకు మాత్రం హోంవర్కంటే చిన్నప్పటి నుంచీ ఇష్టమే. మనిషితో మాట్లాడటం కంటే కాగితంతో మాట్లాడటం నాకెప్పుడూ తేలిక.

మొదటిసారి చాలా శ్రద్ధగా నింపాను. ఉబ్బసానికి వచ్చిన కొత్త మందులు, ఈసీజీ చదవడం, షుగరు ఉన్నవాళ్ళ పాదాలకి పట్టే పుళ్ళు. పెద్ద డాక్టరుగారు నన్ను గదికి పిలిచి కాగితం నా ముందు పెట్టారు. ఆడ డాక్టర్ని అరబ్బీలో పిలిచినట్టు ఆయన నన్ను డొక్తోరా అనేవారు.

“డొక్తోరా, ఇవి నువ్వు చదవాలని సరదాపడుతున్న పుస్తకాలు. నేనడిగింది అది కాదు. రోగి లేచి వెళ్ళిపోయాక నీకు భయం వేసిన రోజు ఏదైనా ఉందా? అది రాయి.”

“భయమా అండీ?”

“భయమే. దానికి ఇంగ్లీషులో మర్యాదైన పేర్లు చాలా ఉన్నాయి. అసలు పేరు అదే.”

నా భయాలన్నీ అప్పటికి డైరీలోనే ఉండేవి. ఇంకొకరు చదివే కాగితం మీదికి వాటిని ఎక్కించడం నాకు చేతకాలేదు. ఆ నెల కూడా ఉబ్బసమే రాశాను.

నేను దోహా పక్కన ముఐథర్‌లో అన్నయ్యా వదినల దగ్గర ఉండేదాన్ని. క్లినిక్ ఇండస్ట్రియల్ ఏరియాలో. పొద్దున్నొక పూట, సాయంత్రమొక పూట పని. చుట్టూ గోదాములు, వర్క్‌షాపులు, లేబర్ క్యాంపులు. ఆ వీధుల్లో ఆడమనిషి కనబడటమే అరుదు. చలికాలం రాగానే వదిన నాకొక పెద్ద ఉన్ని శాలువా కొనిచ్చింది. నేను దాన్ని తలమీదుగా కప్పుకుని, మొహం సగం దాచుకుని, వ్యాను దిగి లోపలికి పరుగెత్తేదాన్ని. ఎడారిలో చలి ఏమిటని మా గోదావరి వైపు వాళ్ళు నవ్వుతారు గానీ, ఇక్కడి జనవరి చలి ఎముకల్లో కూర్చుంటుంది. కొన్నాళ్ళు సముద్రం మీంచి పొగమంచు వచ్చి వీధులన్నిటినీ తినేస్తుంది. ఎదురుగా వచ్చే మనిషి దగ్గరికి వచ్చేదాకా ఉండడు. దాటగానే మళ్ళీ ఉండడు.

తెలుగువాళ్ళు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర తెలంగాణ వాళ్ళు. కంపెనీ బస్సుల్లో ఉత్తరాన రాస్ లఫాన్ గ్యాసు ఫ్యాక్టరీల దాకా పోయి పని చేసి వచ్చేవాళ్ళు. గల్ఫులో ఏ దేశమైనా వాళ్ళ నోట దుబాయే. తెలుగే కదా, నాకు అర్థం కానిదేముంటుంది అనుకునేదాన్ని. ఆ ధీమా ఎంతగా ఉండేదంటే, నా కాగితంలో మొదటి గడిలో భాష అనే మాట రాయాలని నాకెప్పుడూ తోచలేదు.

నిరుటి చలికాలంలో ఒక పొద్దున, క్యాంపు సూపర్‌వైజరు ఒక మనిషిని జబ్బ పట్టుకుని తీసుకొచ్చాడు. మనిషికి నలభై దాటి ఉంటాయి. రాస్ లఫాన్‌లో పరంజాలు కట్టే పని. సన్నగా, నిటారుగా ఉన్నాడు. సూపర్‌వైజరు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

“డాక్టర్ సాబ్, ఇస్‌కా దిమాగ్ ఖరాబ్ హో గయా. రోజ్ చిల్లాతా హై. కాగజ్ లిఖ్ దో, గావ్ భేజ్ దేంగే.”

మతి పోయిందని నేనొక కాగితం రాసిస్తే ఊరికి పంపించేస్తారన్నమాట. నేను సూపర్‌వైజరుని బయట కూర్చోమన్నాను. తలుపు మూసుకోగానే ఆ మనిషి చేతులు జోడించాడు.

“పిచ్చోడని రాయకుండ్రి డాక్టరమ్మా. కాలు ఇరిగిందని రాయుండ్రి, పోత. దుబాయ్‌ల పిచ్చి లేసి వచ్చిండంటే మా ఊర్ల నన్ను మనిషి లెక్క సూడరు. నా పిల్లలను గూడ పిచ్చోని పిల్లలంటరు.”

“ముందు ఏమైందో చెప్పండి.”

ఆయన తలుపు వైపోసారి చూసి గొంతు తగ్గించాడు.

“మబ్బుల ఒక మనిషి వస్తడమ్మా.”

“మబ్బుల్లోనా?”

“ఆ, మబ్బులనే. రోజు. వచ్చి నా కాళ్ళ దిక్కు నిలవడ్తడు.”

“ఎవరతను? మీకు తెలిసినవాడా?”

“తెల్వదు. మొఖం కనవడదు. గొంగడి కప్పుకున్నట్టు, నెత్తి మీదికెల్లి ఏదో కప్పుకుంటడు. లే, లే అంటడు. గంతే. ఇంకో మాట మాట్లాడడు.”

“మీరేం చేస్తారు?”

“లేస్త. లేవకుంటే ఇంక దగ్గరికొస్తడు. తలకాయ పలుగుతుంటది, కడుపుల తిప్పుతది, కాళ్ళు నావి కానట్టు ఉంటయి. ఎట్లనో పోయి తలుపు బార్ల తీసి బయటికి ఉర్కుత. బయట ఉండడు. లోపల ఉంటడేమో అని తలుపు తెరిచే పెడ్త. గదిల వాళ్ళు సలి అని బూతులు తిడ్తరు.”

నేను వింటూనే కిటికీలోంచి బయటికి చూశాను. పొగమంచు విడిపోయి తెల్లటి ఆకాశం కనబడుతోంది. మబ్బుతునక లేదు. నేను ఈ దేశం వచ్చాక అలా తల ఎత్తి మబ్బు చూసిన జ్ఞాపకమే తక్కువ. మబ్బుల్లోంచి వచ్చే మనిషి, మొహం లేని మనిషి, ఆజ్ఞాపించే గొంతు. లేని మనుషులు కనబడటం, గొంతులు వినబడటం అన్న వాక్యం మా మానసిక వ్యాధుల పాఠ్యపుస్తకంలో ఎడమ పేజీలో, పైనుంచి రెండో పేరాలో ఉండేది. దాని కింద నేను పెన్సిల్‌తో గీసిన గీత కూడా కళ్ళకి కట్టింది. తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం కూడా రాసుకున్నాను. అవి నిద్రలేమి వల్ల అనుకున్నాను.

పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడికి ఒక ఉత్తరం రాశాను. ఆ అపాయింట్‌మెంటు దొరికేదాకా నిద్ర పట్టడానికి బిళ్ళలు ఇచ్చాను.

ఆయన బిళ్ళల పొట్లం అరచేతిలో పెట్టుకుని అడిగాడు.

“ఇది ఏస్కుంటే వాడు రాడా అమ్మా?”

“రాడు,” అన్నాను. ధైర్యం చెప్పాలని ఇంకో మాట కలిపాను. “వచ్చినా మీకు మెలకువ రాదు.”

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాను గానీ ముద్ద దిగలేదు. వదిన కనిపెట్టేసింది. ఎవరో ఏమిటో చెప్పకుండా, మబ్బుల్లో మనిషి కనిపిస్తున్నాడని ఒకరు వచ్చారని మాత్రం అన్నాను.

“మబ్బుల్లోనా? బాగుంది, ఈ దేశంలో మబ్బే లేదు కదా అమ్మాయ్, ఆ మనిషి కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడూ పాపం?” అని వదిన పకపకా నవ్వింది.

నేనూ నవ్వబోయాను. నవ్వలేక కంచం పక్కకి జరిపాను. వదిన నవ్వులో తప్పేం లేదు. నేను రాసిన దాంట్లోనే ఏదో సరిపడటం లేదు. అదేమిటో తెలియలేదు. పెద్ద డాక్టరుగారు రాయమన్న భయం ఇదే కాబోలు అనిపించింది.

సాయంత్రం పూట మొదలయ్యేసరికి పొగమంచు మళ్ళీ దిగింది. డ్యూటీ బస్సులు వచ్చాక క్యాంపుల నుంచి జనం వస్తారు. చివరగా పాతికేళ్ళ కుర్రాడొకడు చేతులు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాడు. హుషారైన మనిషి. కుర్చీలో కూర్చుంటూనే నా బల్ల మీది పుస్తకాల వైపు చూసి, “ఇంక సదువుతనే ఉన్నరా డాక్టరమ్మా? పాసు గాలేదా?” అన్నాడు.

“కాలేదు. మీకేమిటి బాధ?”

“తలకాయ నొప్పి. సలి మొదలైనకాడికెల్లి. మబ్బుల లేస్తే తలకాయ పలుగుతది. బస్సెక్కి, కిటికీల గాలి తాకి, రాస్ లఫాన్ కాడ దిగేసరికి మంచిగైతది. మల్ల మబ్బుల గదే కత.”

నా చేతిలో కలం ఆగింది.

“మబ్బుల లేవడమంటే?”

“మబ్బుల అంటే మబ్బులనే. తెల్లారకముందుగాల. చీకటి ఉంటది సూడుండ్రి, గప్పుడు. బస్సు మబ్బులనే వస్తది కద మాకు. మీ దిక్కు ఏమంటరు?”

“తెల్లవారుజాము.”

“అబ్బో! జాములు గీములు మా కాడ లేవు. మీది పుస్తకాల తెలుగు డాక్టరమ్మా, మాది బతికే తెలుగు.” తన మాటకి తనే ముచ్చటపడి నవ్వాడు.

నేను నవ్వలేకపోయాను. ఆకాశంలో ఏ మనిషీ లేడు. పొద్దున్న వచ్చినాయన ఏ మబ్బునీ చూడలేదు. తెల్లారకముందు, మూసిన గదిలో, తల పగిలిపోతూ, కడుపులో తిప్పుతూ, కాళ్ళు స్వాధీనంలో లేకుండా ఆయనకి మెలకువ వస్తోంది. బయటికి వెళితే తగ్గుతోంది. నేను ఆయన మాటలోంచి వేళని తీసేసి, ఆకాశాన్ని పెట్టాను.

“గదిలో అందరికీ ఉందా ఈ తలనొప్పి?”

“అందరికి. పొద్దుగాల మీ తానికి వచ్చిండు గద, మా పెద్దన్న, గాయనది మా గదే. మబ్బుల లేసి తలుపు బార్ల తెరిచి పెడ్తడు, ఎంత తిట్టినా ఇనడు. ఇయ్యాల మీరు గోలీ ఇచ్చిండ్రంట కద. సల్లగుండాలె మీరు! ఈ రాత్రి తలుపు తెరిచేటోడు లేడు. కదలకుంట మెదలకుంట పంటం.”

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో నిజమైన కృతజ్ఞత ఉంది. ఇప్పటికీ ఆ మొహం నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

“గదిలో ఏం మండిస్తున్నారు?” అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అతని నవ్వు మాయమైంది. “ఏం లేదు. మాఫీ.” లేదు అనడానికి ఇక్కడ అందరి నోళ్ళలో నలిగే అరబ్బీ మాట అది.

“హీటరా?”

“హీటర్లన్ని ఫోర్మెన్ గుంజుకపోయిండు, కరెంటు ఎక్కువైతదని.”

“మరి చలికి?”

అతను రెండు చేతులూ ఒళ్ళో దాచుకున్నాడు. అంతకుముందే నేను చూశాను. అరచేతుల గీతల్లో నల్లగా బొగ్గు.

నేను లేచి పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. తలుపు తట్టడం కూడా మర్చిపోయాను. జరిగినదంతా చెప్పాను. మాట పొరపాటు, గది, బొగ్గు. తలుపు తెరిచే మనిషికి నేనిచ్చిన బిళ్ళ. బొగ్గు సగం కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. లోపలున్నవాళ్ళకి నిద్ర వచ్చినట్టే ఉంటుంది. దాంట్లో ఉండగా లేనివి కనబడటం, వినబడటం కూడా ఉన్నదే. నేను చెప్పడం పూర్తికాకముందే ఆయన కారు తాళాలు తీసుకున్నారు.

“బిళ్ళ ఎప్పుడు వేసుకోమన్నావు?”

“పడుకునే ముందు.”

“వాళ్ళు కోళ్ళతో పాటు పడుకుంటారు. యల్లా, పద.”

తలనొప్పి కుర్రాణ్ణి దారి చూపించమని ముందు సీట్లో కూర్చోబెట్టాం. వెనక నేను, నా పక్కన ఆక్సిజన్ సిలిండరు. క్యాంపు దగ్గరే గానీ పొగమంచులో కారు మనిషి నడకన నడిచింది. దీపస్తంభాల్లో వెలుగు మాత్రమే గాల్లో ముద్దగా వేలాడుతోంది, కింద స్తంభం లేదు. కుర్రాడు దారి పొడుగునా ఒకటే గొణుగుతున్నాడు.

“ఫోర్మెన్‌కు చెప్పకుండ్రి సార్. కుంపటి నాది గాదు. అందరిది.”

క్యాంపులో గదులన్నీ రేకు డబ్బాల్లా వరసగా ఉన్నాయి. వాళ్ళ గది తలుపు కింద సందులో గోనెసంచి కుక్కి ఉంది. ఏసీ కోసం గోడకి కోసిన కంతకి అట్టముక్క పెట్టి చుట్టూ టేపు అంటించారు. గాలి దూరకుండా ఎంత శ్రద్ధగా, ఎంత పనితనంతో మూశారో! అవతల కట్టేది పెద్ద పెద్ద కట్టడాలు మరి.

పెద్ద డాక్టరుగారు తలుపు తోశారు. వెచ్చదనం మొహానికి తగిలింది. కొందరు పడుకున్నారు. ఇద్దరు పేకముక్కలు పట్టుకుని గోడకి జారగిలబడి, ఆడటం మర్చిపోయినట్టు కూర్చున్నారు. నడుమ పెయింటు డబ్బాలో షట్టరింగు చెక్కల నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా, చాలా అందంగా ఉన్నాయి. మమ్మల్ని చూడగానే ఒకాయన దాని మీద బోర్లా గంప పెట్టి, దాని పక్కన బుద్ధిగా కూర్చున్నాడు.

“కుంపటా? మాఫీ కుంపటి,” అన్నాడు. గంప సందుల్లోంచి ఎర్రటి గీతలు అతని మొహం మీద పడుతున్నాయి.

“బాహర్! సబ్ బాహర్!” అని పెద్ద డాక్టరుగారు అరిచారు. ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. ఆయన, కుర్రాడు కలిసి ఒక్కొక్కళ్ళనే లేపి బయటికి నడిపించడం మొదలుపెట్టారు. ఒకాయన గడప దగ్గరే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఇద్దరూ అతన్ని మోసుకుని బయటికి వెళ్ళారు. నిప్పుల డబ్బాని కుర్రాడు అంతకుముందే బయట పెట్టేశాడు. వాళ్ళ వెనక తలుపు స్ప్రింగు వల్ల దానంతటదే మూసుకుంది.

గదిలో నేనూ, ఇంకొకాయనా మిగిలాం.

మూలన కింది మంచం. పొద్దున్న చేతులు జోడించినాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల పక్కన నేనిచ్చిన పొట్లం విప్పి ఉంది. నేను మంచం చివరికి వెళ్ళి కాళ్ళు పట్టి కుదిపాను.

“లేవండి. ఏమండీ, లేవండి.”

కదలలేదు. ఇంకా గట్టిగా కుదిపాను. పెద్దవాళ్ళతో గొంతెత్తి మాట్లాడిన అలవాటు నాకు లేదు. “లేవండి” అన్న మాట ఆ వెచ్చటి గదిలో నా పెదాల దగ్గరే ఆగిపోతున్నట్టుంది. అప్పుడు నా వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. అడుగు చప్పుడు లేదు. వీపు మీద ఉన్ని శాలువా బరువు ఒక్కసారి పెరిగినట్టు, అంతే. ఇది ఆ వాయువు చేసే పని అని నాకు తెలుసు. తెలిసినందువల్ల నేను వెనక్కి తిరగగలిగానని రాసుకుంటే బాగుండేది. తిరగలేకపోయాను.

“లే,” అని వినిపించింది. “లే, లే.”

ఆ మాట నా నోట్లోంచే వచ్చి ఉండాలి. గదిలో మాట్లాడగల మనిషిని నేనొక్కదాన్నే. కానీ నాకంటే అంత పెద్దాయనని నేను లే అనను. మా ఇంట్లో పనిమనిషిని కూడా అలా అనలేదు.

ఆయన కళ్ళు తెరిచాడు. తలమీదుగా శాలువా కప్పుకుని, దీపానికి అడ్డంగా, కాళ్ళ దిక్కున నిలబడిన నన్ను చూశాడు. భయపడలేదు. విసుక్కున్నాడు.

“ఇయ్యాల మబ్బు గాకముందే వచ్చినవేంది?” అన్నాడు.

ఆ తరవాత తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరుగారూ కుర్రాడూ ఆయన్ని చెరో రెక్కా పట్టి బయటి చలిలోకి లాక్కొచ్చారు. నేను ఆక్సిజన్ మాస్కు మొహానికి పెట్టి పట్టుకున్నాను. అంబులెన్సు పొగమంచులోంచి ముందు చప్పుడుగా, తరవాత దీపంగా, చివరికి బండిగా వచ్చింది. పెద్దాసుపత్రిలో నెత్తురు పరీక్షలో అనుమానం నిజమైంది. అందరూ బతికారు. ఆ రాత్రి తలుపు మూసే ఉండి ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు చెప్పబోతే పెద్ద డాక్టరుగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

మానసిక వైద్యుడికి నేను రాసిన ఉత్తరాన్ని మర్నాడు వెనక్కి తీసుకున్నాను. ఆయనకి మతి సరిగానే ఉందని, తలనొప్పులు గదిలోని బొగ్గు నిప్పుల వల్లనని కొత్త ఉత్తరం రాసి సూపర్‌వైజరుకిచ్చాను. సూపర్‌వైజరు దాన్ని రెండుసార్లు చదువుకుని, “తో పాగల్ నహీ?” అన్నాడు, పిచ్చి లేకపోయిందే అన్నట్టు కాస్త నిరాశగా. కంపెనీ గదులకి కిటికీలు కోయించింది. హీటర్లు తిరిగిచ్చింది. ఆయన ఊరికి పోలేదు.

కొన్ని వారాల తరవాత ఆయన చెయ్యి గీరుకుని కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు. కట్టు కట్టాక కూడా లేవలేదు.

“ఇప్పుడు వస్తున్నాడా?” అని నేనే అడిగాను.

“లేదమ్మా. ఇగ రాడు. మబ్బుల మెలకువైతే అయితది. సూస్త. ఎవ్వలుండరు.” ఊరట పడిన గొంతులా లేదది. “అసలది ఏందమ్మా? అందరు తలోటి చెప్తున్నరు.”

“గాలి. కుంపట్లోంచి వచ్చే చెడ్డ గాలి.”

ఆయన నిదానంగా తల ఊపాడు. “గాలే అని నేను ముందే అనుకున్న.”

ఆయన అన్న సోకే గాలి, నేనన్న పీల్చే గాలి ఒకటి కాదని అప్పటికి నాకు తెలుస్తోంది. సర్దిచెప్పబోయాను. ఆయనే మళ్ళీ అడిగాడు.

“గని ఒక్కటి సమజైతలేదు డాక్టరమ్మా. గాలి మనిషిని సంపేదైతే, పండుకో అనాలె గద. లే అని ఎందుకంటది?”

ఊపిరాడని మెదడు మనిషిని తానే లేపుకోవడానికి ఒక గొంతుని కల్పించుకుంటుందేమో అన్నాను. నాకే నమ్మకం లేని మాట. ఆయన మర్యాదగా విన్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “గా రోజు కాళ్ళ కాడ నిలవడ్డది మీరేనంట కద,” అన్నాడు.

“నేనే.”

“మీరే కావచ్చు,” అని వెళ్ళిపోయాడు.

ఆ నెల కాగితం మీద ఉబ్బసం రాయలేదు. మొదటి గడిలో ‘మబ్బుల’ అని తెలుగులోనే రాసి, పక్కన దాని అర్థం ఇంగ్లీషులో రాశాను. రెండో గడిలో ఒక గది నిండా మనుషులు అని. ఎలా నేర్చుకుంటాను అన్నచోట, వచ్చిన ప్రతి మనిషినీ వాళ్ళ మాట ఒకటి అడిగి తెలుసుకుంటాను, తెలుగువాళ్ళయితే మరీ, అని. నేర్చుకున్నానని ఎలా తెలుస్తుంది అన్నదానికి, మాట తెలిసిందనుకున్న ప్రతిసారీ ఇంకోసారి అడగడం అలవాటైనప్పుడు, అని.

దాని కింద ఇంకో వరస మిగిలింది. ఆయన నన్నడిగిన ప్రశ్న అందులో రాశాను. గాలి లే అని ఎందుకంటుంది? మిగతా మూడు గళ్ళూ ఖాళీగా వదిలేశాను.

పెద్ద డాక్టరుగారు కాగితం అంతా చదివారు. చివరి వరస దగ్గర ఆయన కలం కాసేపు ఆగింది. కొట్టేస్తారనుకున్నాను. కొట్టెయ్యలేదు.

“ఆ గదిలో తలుపు మూసుకున్నాక నువ్వెంతసేపు ఉన్నావు?” అని అడిగారు.

“కాసేపే. మీరు వచ్చేదాకా.”

“నిప్పులు అప్పటికే బయటికి తెచ్చేశాం,” అన్నారాయన. “అంత కొద్దిసేపట్లో నీకేమీ అయి ఉండకూడదు.”

“ఏమీ కాలేదు,” అన్నాను.

ఆయన సంతకం పెట్టి కాగితం ఫైల్లో పెట్టారు. నేను శాలువా కుర్చీ మీదే వదిలేసి వ్యాను ఎక్కాను. మర్నాడు వెళ్ళి తెచ్చుకున్నాను గానీ, తలమీదుగా కప్పుకోవడం మాత్రం మానేశాను. చలిగా ఉన్నా సరే.